బ్లూ మూన్‌లో నీలం ఎక్కడుంది?

2023 ఆగస్టు 30, రాఖీ పండుగ రాత్రి. మా అక్క కూతురు నా చెయ్యి పట్టుకుని డాబా మీదకి లాక్కెళ్లింది. ఈ రోజు చందమామ నీలంగా కనిపిస్తాడని స్నేహితురాళ్లు చెప్పారట. టీవీలో కూడా పొద్దుటి నుంచీ సూపర్ బ్లూ మూన్ అని ఒకటే హడావిడి, ముదురు నీలం పులిమిన చంద్రుడి బొమ్మలు. పైకెళ్లి చూస్తే చందమామ ఎప్పటిలాగే వెన్నముద్దలా ఉన్నాడు. "నీలం ఏది మామయ్యా?" అంది. దాని మొహం చూస్తే బాధేసింది. "అది పేరేనమ్మా, రంగు కాదు" అన్నాను. "మరి ఆ పేరెందుకు పెట్టారు?" అని అడిగింది.

ఈ ప్రశ్నకి ఒక్క వాక్యంలో జవాబు లేదు. బ్లూ మూన్ అన్న రెండు మాటలకి వేర్వేరు కాలాల్లో వేర్వేరు అర్థాలు వచ్చి చేరాయి. వాటిలో ఒకటి ఒక పత్రికలో దొర్లిన పొరపాటు వల్ల పుట్టింది. పాతది పోకుండానే కొత్తది వచ్చి పక్కన కూర్చుంది కాబట్టి ఇవాళ పెద్దవాళ్లు కూడా తికమక పడుతున్నారు.

ముందు అందరికీ తెలిసిన వాడుక చూద్దాం. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే చాలా అరుదుగా అని అర్థం. ఇక్కడ 'అరుదుగా' అన్న మాటని జాగ్రత్తగా పట్టుకోవాలి. ఎప్పుడూ జరగనిదాన్ని ఇలా అనరు, జీవితంలో ఒక్కసారి జరిగి ఊరుకున్నదాన్నీ అనరు. మళ్లీ మళ్లీ జరుగుతుంది, కానీ మధ్యలో బోలెడంత ఎడం ఉంటుంది, ఎప్పుడు జరుగుతుందో ముందే చెప్పలేం. అలాంటి వాటికే ఈ మాట. మా పెదనాన్నగారు సినిమా హాలుకి అలాగే వెళ్తారు. ఎవరో బలవంతం చేస్తే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. అక్కడ ఈ ఇంగ్లీషు మాట చక్కగా అతుకుతుంది. "నేను 2019లో కాశీ వెళ్లాను" అన్నచోట అతకదు, ఎందుకంటే అది ఒకసారి జరిగి అయిపోయిన సంగతి, అలవాటు కాదు. మన పిల్లలు పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో ఎక్కువగా పొరపడేది ఇక్కడే. అరుదు అనే అర్థం గుర్తుంటుంది, అది అలవాటుకి సంబంధించిన అరుదు అన్న సంగతి జారిపోతుంది.

ఇంకొకటి, ఇది కబుర్లలో వాడే మాట. ఆఫీసు రిపోర్టులో 'మెషీన్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ ఆగిపోతోంది' అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ తెలియదు. అక్కడ నెలకి ఎన్నిసార్లో అంకె రాయాలి. అలాగే మనిషి గురించి అన్నప్పుడు ఇందులో చిన్న దెప్పుపొడుపు వినిపిస్తుంది. స్నేహితుడితో "నువ్వు బ్లూ మూన్‌కి ఒకసారి కనిపిస్తావు" అంటే చనువు, పై అధికారితో అంటే ఎత్తిపొడుపు.

ఇక చరిత్రలోకి వెళ్తే, ఈ మాటల జంట మొదట అరుదు అనే అర్థంతో మొదలవలేదు. 1528లో ఇంగ్లీషులో చర్చి పెద్దల్ని విమర్శిస్తూ పద్య రూపంలో ఒక చిన్న పుస్తకం వచ్చింది. వాళ్లు చంద్రుడు నీలంగా ఉన్నాడని చెప్పినా మనం నిజమేనని నమ్మి తీరాలి అని అందులో ఒక మాట ఉంది. అంటే ఆ రోజుల్లో నీలి చంద్రుడు పచ్చి అబద్ధానికి గుర్తు, మన కుందేటి కొమ్ము లాగ, గగన కుసుమం లాగ. ఆ కాలంలోనే చంద్రుడు 'గ్రీన్ చీజ్'తో చేసినదని నమ్మేవాడు అని అమాయకుల్ని వెక్కిరించే వాడుక కూడా ఉండేది. అక్కడ గ్రీన్ అంటే రంగు కాదు, ఇంకా మాగని తాజా చీజ్ అని. మన పచ్చ, పచ్చి అన్న మాటల చుట్టరికం గుర్తు తెచ్చుకుంటే ఇది మనకి వెంటనే తెలిసిపోతుంది. పచ్చి మామిడికాయ అంటే ముందు గుర్తొచ్చేది రంగు కాదు, పండలేదన్న సంగతి.

జరగనే జరగదు అనే అర్థం నుంచి ఎప్పుడో గాని జరగదు అనే అర్థానికి రావడానికి దాదాపు 300 ఏళ్లు పట్టింది. 1821లో లండన్ జీవితం గురించి వచ్చిన ఒక పుస్తకంలో ఒకడు స్నేహితుణ్ని పలకరిస్తూ, ఈ బ్లూ మూన్‌లో నిన్ను చూడనేలేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. చాలాకాలమైంది కనబడి, అని. ఆ తర్వాత ఆ శతాబ్దంలోనే 'వన్స్' ముందు చేరి నేటి రూపం స్థిరపడింది. మాట పుట్టిన తొలి రోజుల్లోనే అది స్నేహితుడి మీద ఫిర్యాదుగా కనిపించడం నాకు చాలా నచ్చిన విషయం. మనం "ఏమోయ్, అమావాస్యకో పున్నానికో గాని కనబడవు" అంటాం కదా, అచ్చం ఆ గొంతే. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడే స్నేహితులు అదే సందర్భంలో "ఈద్ కా చాంద్ హోగయే" అంటారు, ఈద్ నెలవంకలా అయిపోయావని. లండన్ వాళ్లూ, మనమూ, పాతబస్తీ వాళ్లూ కనబడని స్నేహితుణ్ని నిలదీయడానికి చంద్రుణ్నే సాక్షిగా పిలిచాం. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదు ఇది. తలెత్తితే అందరికీ కనిపించే గడియారం ఆయనే కాబట్టి ఇలా జరిగి ఉంటుందని నేననుకుంటాను. మన తమిళ సోదరులు మాత్రం ఇక్కడ చంద్రుణ్ని వదిలేసి అత్తి చెట్టు పూసినట్టు అంటారు.

మరి చంద్రుడు నిజంగా నీలంగా ఎప్పుడూ కనబడలేదా? కనబడ్డాడు. 1883 ఆగస్టు 27న జావా, సుమత్రా దీవుల మధ్య ఉన్న క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద, ఆవిరులు ఆకాశంలో చాలా ఎత్తుకి లేచి భూమి చుట్టూ తిరిగాయి. ఆ తర్వాత చాలాకాలం పాటు లోకంలో అనేక చోట్ల చంద్రుడు నీలంగానో ఆకుపచ్చగానో కనిపించాడు. మన దగ్గరా దాని ప్రభావం పడింది. ఆ సెప్టెంబరులో మద్రాసులో పొద్దు పొడిచేటప్పుడు, కుంకేటప్పుడు సూర్యుడు ఆకుపచ్చగా కనబడ్డాడు. అప్పుడు మద్రాసులో ప్రొఫెసరుగా ఉన్న చార్లెస్ మిచీ స్మిత్ ఆ వెలుగుని పరిశీలించి రాశారు. తర్వాత కొడైకెనాల్ అబ్జర్వేటరీకి తొలి డైరెక్టర్ అయింది ఈయనే. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

రంగు మారడానికి కారణం గాలిలోని రేణువుల సైజు. మామూలుగా గాలిలోని అణువులు చాలా చిన్నవి, అవి నీలం వెలుగుని ఎక్కువగా చెదరగొడతాయి. అందుకే ఆకాశం నీలం, అందుకే అస్తమించే సూర్యుడు ఎరుపు. కానీ రేణువులు ఇంచుమించు ఒక మైక్రాన్ సైజులో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అన్నీ ఒకే కొలతలో ఉంటే లెక్క తలకిందులవుతుంది. అవి ఎరుపుని చెదరగొట్టి నీలాన్ని నేరుగా మన కంటికి పంపిస్తాయి. అన్నీ ఒకే సైజులో ఉండటం అరుదు, పొగలోనూ దుమ్ములోనూ చిన్నా పెద్దా కలిసే ఉంటాయి. మన ఊళ్లలో పొలాల పొగ మధ్య చంద్రుడు ఎర్రగా, మసకగా కనిపించేది అందుకే. 1950లో కెనడాలోని ఆల్బర్టాలో అడవులు తగలబడినప్పుడు ఆ పొగ అట్లాంటిక్ దాటి వెళ్లింది. సెప్టెంబరు 26న స్కాట్లండులో జనం నీలం సూర్యుణ్నీ నీలం చంద్రుణ్నీ చూశారు. ఎడిన్‌బరా అబ్జర్వేటరీలో దాన్ని కొలిచి రికార్డు చేశారు కూడా.

అయితే ఈ తేదీలు మాటకి పుట్టినిల్లు కావు. మాట 1821 నాటికే వాడుకలో ఉంది, క్రకటోవా పేలింది 1883లో. అగ్నిపర్వతం వల్లే ఈ నుడికారం పుట్టిందని చదివినప్పుడల్లా ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. 2023లో టీవీలు చెప్పిన లెక్క ఇది: ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు వస్తే రెండోది బ్లూ మూన్. 2023 ఆగస్టులో అలాగే వచ్చాయి. మరుసటి ఏడాది 2024 ఆగస్టు 19న మళ్లీ రాఖీ పున్నమి వచ్చింది, మళ్లీ బ్లూ మూన్ అన్నారు. మా మేనకోడలు క్యాలెండర్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఈ నెల్లో ఒక్కటే పున్నమి ఉంది మామయ్యా, మరి ఇదెలా అవుతుంది?" అంది. అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

2024లో వాడిన లెక్క వేరు, అదే పాతది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో రైతుల కోసం వేసే పంచాంగం ఒకటి ఉండేది. అందులో ప్రతి రుతువుకి మూడు పున్నములు, ప్రతి పున్నమికి ఒక పేరు. కొన్ని పేర్లు క్రైస్తవ పండుగలతో ముడిపడినవి: ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాసాల పున్నమి, క్రిస్మసుకి ముందు పున్నమి, ఇలా. ఎప్పుడైనా ఒక రుతువులో నాలుగు పున్నములు పడితే ఆ అదనపుదానికి పేరు లేదు. నాలుగోదాన్ని అదనం అనుకుంటే చివరి పున్నమికి ఉన్న పేరు పండుగకి దూరం జరిగిపోతుంది. అందుకని మూడోదాన్ని బ్లూ మూన్ అని పిలిచి, నాలుగోదానికి దాని పేరు దానికే ఉంచారు. 2024లో అక్కడి వేసవిలో, అంటే పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే జూన్ 20 నుంచి పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు 22 దాకా, జూన్ 22, జూలై 21, ఆగస్టు 19, సెప్టెంబరు 18న నాలుగు పున్నములు పడ్డాయి. మూడోది ఆగస్టు 19.

ఈ లెక్క నెలలో రెండో పున్నమిగా ఎలా మారిందో చాలాకాలం ఎవరికీ పట్టలేదు. మెయిన్ పంచాంగం 1937 సంచికలో బ్లూ మూన్ గురించి ఒక వివరణ వేసింది. 1943లో స్కై అండ్ టెలిస్కోప్ అనే ఖగోళ పత్రిక పాఠకుల ప్రశ్నల శీర్షికలో ఆ పంచాంగాన్ని ప్రస్తావించింది. 1946 మార్చిలో జేమ్స్ హ్యూ ప్రూయెట్ అనే ఖగోళ అభిమాని అదే పత్రికలో వ్యాసం రాస్తూ, 19 ఏళ్లలో ఏడుసార్లు ఒకే ఏడాదిలో 13 పున్నములు వస్తాయి, అంటే 11 నెలల్లో ఒక్కొక్కటి, ఒక నెలలో రెండు, ఆ రెండోదే బ్లూ మూన్ అని నేను అర్థం చేసుకుంటున్నాను అన్నాడు. 'నేను అర్థం చేసుకుంటున్నాను' అని నిజాయితీగానే అన్నాడు పాపం. కానీ 1937 పంచాంగం చెప్పిన బ్లూ మూన్ ఆగస్టు 21న పడింది. 21వ తేదీ పున్నమి ఏ నెలలోనూ రెండోది కాలేదు. ఆ ఒక్క తేదీ సరిచూసి ఉంటే పొరపాటు అక్కడే ఆగిపోయేది.

30 ఏళ్లకి పైగా ఆ వ్యాసం అలా పడి ఉంది. 1980 జనవరిలో అమెరికాలో స్టార్‌డేట్ అనే రేడియో కార్యక్రమం దాన్ని తీసుకుని ప్రసారం చేసింది. తర్వాత పిల్లల పుస్తకాల్లోకి, 1986లో ట్రివియల్ పర్స్యూట్ అనే క్విజ్ ఆటలోకి వెళ్లింది. ఇంక ఆపేదెవరు? 1999లో జనవరిలోనూ మార్చిలోనూ రెండేసి పున్నములు పడి పేపర్ల నిండా బ్లూ మూన్ నిండిపోయినప్పుడు, స్కై అండ్ టెలిస్కోప్ వాళ్లే పాత పంచాంగాలు తిరగేసి, తప్పు మా పత్రికలోనే జరిగింది అని రాశారు. 53 ఏళ్ల తర్వాత తన తప్పు తానే వెతికి పట్టుకుని ఒప్పుకున్న పత్రిక అంటే నాకు చాలా గౌరవం. అయినా జనం కొత్త అర్థాన్ని వదల్లేదు, ఇప్పుడు రెండూ చెల్లుతున్నాయి.

నెల లెక్కతో ఇంకో చిక్కు ఉంది. పున్నమి ఘడియ లోకమంతటికీ ఒకటే, తేదీ మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. 2009 డిసెంబరు 31న అమెరికా, యూరప్ బ్లూ మూన్ చూశాయి. మన గడియారంలో ఆ ఘడియ అర్ధరాత్రి దాటి 2010 జనవరి 1న 12 గంటల 43 నిమిషాలకి పడింది. జనవరి 30న ఇంకో పున్నమి వచ్చింది. అంటే అక్కడ డిసెంబరులో బ్లూ మూన్, మనకి జనవరిలో. అమెరికాలో ఉన్న అన్నయ్య, విజయవాడలో ఉన్న తమ్ముడు ఒకే చంద్రుణ్ని చూస్తూ వేర్వేరు పేర్లతో పిలవాల్సిన పరిస్థితి. 2018 జనవరి 31న అయితే బ్లూ మూన్ రోజే సంపూర్ణ చంద్రగ్రహణం. నీలం పేరుతో ఉన్న చంద్రుడు ఆ సాయంత్రం మన ఊళ్లలో ఎర్రగా కనిపించాడు.

ప్రూయెట్ చెప్పిన 19 ఏళ్లలో ఏడుసార్లు అన్న అంకె మాత్రం తప్పు కాదు. మన పంచాంగం చూసేవాళ్లకి అది బాగా తెలిసిన అంకె. పున్నమి నుంచి పున్నమికి సుమారు 29.53 రోజులు. 12 చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు, సూర్యుడి ఏడాది 365. ఏటా 11 రోజులు వెనకబడిపోతుంటే పండుగలు రుతువులు దాటి జరిగిపోతాయి. ఉగాది వసంతంలో మొదలై మెల్లగా చలికాలంలోకి వెళ్లిపోతుంది. అలా జరగకుండా మన పెద్దలు సుమారు 32, 33 నెలలకొకసారి ఒక నెల కలిపారు. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే ఆ నెల అధికమాసం. అదీ 19 ఏళ్లకి ఏడుసార్లే. అంటే మెయిన్ రైతుల 13వ పున్నమి, మన అధికమాసం ఒకే కొరతని పూడ్చడానికి రెండు చోట్ల చేసిన ఏర్పాట్లు. అవి రెండూ ఎప్పుడూ ఒకే రోజున కలవాలని లేదు. 2023లో అధిక శ్రావణ పౌర్ణమి ఆగస్టు 1న పడింది, బ్లూ మూన్ అన్నది నిజ శ్రావణ పౌర్ణమిని. 2026లో మాత్రం మే 1, మే 31 రెండూ పున్నములే, మే 31 నాటిది అధిక జ్యేష్ఠ పౌర్ణమి. అక్కడ నెలలో రెండో పున్నమి లెక్కా, మన అధికమాసం లెక్కా ఒకే చంద్రుడి దగ్గర కలుస్తాయి.

1937 నాటి ఆ పంచాంగం 13వ పున్నమిని క్రైస్తవ సన్యాసులు అశుభంగా చూసేవారని రాసింది, పండుగల వరస చెడుతుందని. మనమూ అధికమాసంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు పెట్టుకోం. కానీ 'అధికస్య అధికం ఫలం' అని దానధర్మాలు మాత్రం ఎక్కువే చేస్తాం. లెక్కలో మిగిలిపోయిన నెలకి కూడా ఒక పని అప్పగించారు మనవాళ్లు.

ఇక తెలుగులోకి ఎలా తేవాలి అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. 'నీలి చంద్రుడిలో ఒకసారి' అనే అనువాదాలు ఫోన్లలో, సబ్‌టైటిళ్లలో తరచు కనిపిస్తున్నాయి. తెలుగు తప్ప వేరే భాష రాని మా నాయనమ్మ లాంటి మనిషికి ఆ వాక్యం ఏమీ చెప్పదు. ఖగోళం గురించి రాసేటప్పుడు బ్లూ మూన్ అనే ఉంచడం మంచిది, నీలి చంద్రుడు అంటే పిల్లలు డాబా ఎక్కి నిరాశపడతారు. మాట్లాడే భాషలోనైతే 'అమావాస్యకో పున్నానికో' ఉంది. లెక్క ప్రకారం అమావాస్య, పున్నమి నెలకొకసారి వస్తాయి కదా, అరుదు ఎలా అవుతాయి అని కొందరు అడుగుతారు. బ్లూ మూన్ కూడా రెండేళ్ల ఎనిమిది నెలలకొకటి వస్తుంది, అయినా ఆ మాట అనేవాళ్లెవరూ నెలలు లెక్కపెట్టరు. ఎడం చాలా ఎక్కువ అని గట్టిగా చెప్పాలంటే 'పుష్కరానికోసారి' ఉంది. మన నదుల పుష్కరాలు 12 ఏళ్లకొకసారి కాబట్టి ఆ మాటకి బరువెక్కువ. అరుదైన మనిషి గురించైతే 'నూటికో కోటికో ఒక్కరు'. 1528 నాటి పాత అర్థానికైతే కుందేటి కొమ్మే.

అమెరికాలో ఉన్న కొడుకు చాలా రోజులకి ఫోన్ చేస్తే అమ్మ ముందుగా అనే మాట ఉంటుంది కదా, "ఏరా, అమావాస్యకో పున్నానికో గుర్తొస్తామా మేము?" అని. పక్కన కూర్చున్న మనవరాలు "నానమ్మ ఏమంది?" అని ఇంగ్లీషులో అడిగితే, బ్లూ మూన్ అన్న మాటని వాడాల్సిన చోటు అదే.